ఇంటర్న్‌షిప్ చివరి వారం: సబ్‌స్టేషన్‌లో చూసింది రిపోర్టులోకి ఎలా తేవాలి?

ఒక విద్యార్థి అడిగింది ఇది: ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్) నాలుగో సంవత్సరం. దేవరకొండ వైపు ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో (33 వేల వోల్టులను 11 వేలకు దించి ఊళ్లకు పంపే చోట) ఆరు వారాల ఇంటర్న్‌షిప్, ఇంకా ఎనిమిది రోజులే ఉంది. "రోజూ ఆపరేటర్ పక్కన కూర్చుని గంటగంటకూ రీడింగులు రాశాను. నా చేత్తో ఒక్క పనీ చేయలేదు. ఏం నేర్చుకున్నావని అడిగితే చెప్పడానికి మాట రావడం లేదు. రిపోర్టులో ఏం రాయాలి?"

సూటిగా చెబుతాను. మీరు రాసిన ఆ రీడింగులే మీ రిపోర్టు. మిగిలిన ఎనిమిది రోజులు కొత్తది చూడాలని తిరగకండి. ఒక పవర్ ట్రాన్స్‌ఫార్మర్, ఒక 11 కేవీ ఫీడరు (ఊళ్లకు వెళ్లే లైను), ఆ ఫీడరు మీద ఒక డీటీఆర్ (వాడకానికి తగ్గట్టు వోల్టేజీ దించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్) పట్టుకోండి. ఒక్కోదానికీ కాగితం మీద లెక్క కట్టండి, మీటరు చూపించే అంకెను పక్కన రాయండి, రెండూ ఎక్కడ కలవలేదో అక్కడివాళ్లను అడిగి కారణం రాసుకోండి. ఆ తేడాలు, వాటి కారణాలే మీరు నేర్చుకున్నది. ఇంటికి వెళ్లాక ఈ పని కాదు. నేమ్‌ప్లేటు మీద ఒక్క అంకె రాసుకోవడం మరిచిపోయినా లెక్క అక్కడే ఆగిపోతుంది. అందుకే రిపోర్టు రాయడం ఇప్పుడే, సబ్‌స్టేషన్‌లో కూర్చునే మొదలుపెట్టండి.

చేత్తో ఏమీ చేయలేదన్న బాధ అక్కర్లేదు. లైన్ ఉన్న యార్డులో విద్యార్థి చేత స్విచ్ వేయించకపోవడం అక్కడి సిబ్బంది సరిగ్గా చేసిన పని. "నేను వీసీబీ (వాక్యూం బ్రేకరు) ఆపరేట్ చేశాను, ఏబీ స్విచ్ (లైనును విడదీసే స్విచ్) తెరిచాను" అని లేనిది రాసిన రిపోర్టు వైవాలో రెండో ప్రశ్నకే పట్టుబడుతుంది. "పరిశీలించాను, లెక్కించాను, సరిపోల్చాను" అన్న మూడు మాటలు నిజాయితీగా వాడితే చాలు.

మీ స్నేహితుల్లో కొందరు నాగార్జున సాగర్ పవర్‌హౌస్‌కో, దామరచర్ల దగ్గరి యాదాద్రి థర్మల్‌కో వెళ్లి ఉంటారు. ఒకచోట 110 మెగావాట్ల యూనిట్ ఒకటి, 100.8 మెగావాట్ల యూనిట్లు ఏడు. ఇంకోచోట 800 మెగావాట్ల యూనిట్లు ఐదు. వాటి పక్కన 5 ఎంవీఏ (అంటే 5 మెగావాట్లు మించి మోయలేని) సబ్‌స్టేషన్ చిన్నదిగానే అనిపిస్తుంది. కానీ 33 కేవీ లైను లోపలికి వచ్చే చోటు నుంచి రైతు బోరు మోటారు దాకా మొత్తం ఒక్కడే తిరిగి లెక్క కట్టగలిగేది ఇక్కడే. ఆరు వారాల విద్యార్థికి ఇంతకంటే మంచి చోటు లేదని నా అభిప్రాయం.

మొదట పవర్ ట్రాన్స్‌ఫార్మర్

నేమ్‌ప్లేటు మొత్తం రాసుకోండి: ఎంవీఏ, వెక్టర్ గ్రూపు (వైండింగ్‌లు కలిపిన తీరు, సాధారణంగా డీవైఎన్ 11), ఇంపీడెన్స్ శాతం, ట్యాపుల (వోల్టేజీ నిష్పత్తి మార్చే మెట్ల) పట్టిక, నూనె లీటర్లు, తయారైన సంవత్సరం. 5 ఎంవీఏ అయితే ఫుల్ లోడ్ కరెంటు 33 కేవీ వైపు 87.5 ఆంపియర్లు, 11 కేవీ వైపు 262.4.

ఇక లాగ్‌షీటు (గంటగంటకూ రాసిన రీడింగుల కాగితం) తీయండి. 11 కేవీ ఇన్‌కమింగ్ (ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఫీడర్లకు వచ్చే మొత్తం) 180 ఆంపియర్లు ఉన్న గంటకు 33 కేవీ వైపు ఎంత ఉండాలి? మూడో వంతు, 60. మీటరు 63 చూపిస్తే వెంటనే మీటరు తప్పు అనకండి. ట్యాప్ ఏ నంబరులో ఉందో చూడండి. ట్యాప్ మారితే నిష్పత్తి సరిగ్గా 3 ఉండదు. ట్యాప్ నంబరు రాయకుండా నిష్పత్తి లెక్కేసిన రిపోర్టులు చాలానే వస్తాయి. అది పెద్ద లోపం.

తర్వాత అదే గంటకు ఫీడర్ల కరెంట్లు కూడండి. పవర్ ఫ్యాక్టర్లు (లాగిన కరెంటులో పనికొచ్చే వంతు) ఒకేలా ఉండవు కాబట్టి ఫీడర్ల మొత్తం ఇన్‌కమింగ్ కంటే కొద్దిగా ఎక్కువ రావచ్చు, అది సహజం. ఇన్‌కమింగే ఎక్కువ వస్తే మాత్రం వెతకాలి. ముందుగా సబ్‌స్టేషన్ సొంత అవసరాలకు పెట్టిన స్టేషన్ ట్రాన్స్‌ఫార్మర్ గుర్తొస్తుంది కానీ 25 కేవీఏ అయితే అది 11 కేవీ వైపు తీసుకునేది 1.3 ఆంపియర్లే. పది ఆంపియర్ల తేడాను దాని మీదికి నెట్టలేరు. ఏదో ఒక ఫీడరు అమ్మీటరులోనో, సీటీ (మీటరు కోసం కరెంటును తగ్గించి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) రేషియో సెట్టింగులోనో, ఫేజు ఎంపికలోనో తప్పుంటుంది. ఒక్కో ఫీడరుకు ఒక్కో ఫేజు చదివి కూడటమే ఎక్కువసార్లు దొరికే కారణం.

నేమ్‌ప్లేటు మీద ఇంపీడెన్స్ 7.15 శాతం ఉంటే 262.4ను 0.0715తో భాగించండి, సుమారు 3,670 ఆంపియర్లు వస్తుంది. 11 కేవీ బస్సు (ఫీడర్లన్నీ కలిసే కడ్డీ) దగ్గర మూడు ఫేజులూ కలిస్తే పారే ఫాల్ట్ కరెంటుకు ఇది పైహద్దు. 33 కేవీ లైను ఇంపీడెన్స్ కూడా కలుస్తుంది కాబట్టి నిజంగా పారేది ఇంకా తక్కువే. వీసీబీ నేమ్‌ప్లేటు మీద కిలో ఆంపియర్లలో రాసి ఉన్న బ్రేకింగ్ కెపాసిటీని ఈ అంకె పక్కన పెట్టండి. బ్రేకరు అంత పెద్దది ఎందుకు పెట్టారో అప్పుడు మీ మాటల్లో చెప్పగలుగుతారు.

ఎనర్జీ మీటరు దగ్గర జాగ్రత్త. మీటరు 110 వోల్టులు, 1 ఆంపియర్‌కు తయారైనదై, సీటీ 200/1, పీటీ (వోల్టేజీకి అలాంటిదే) 11 కేవీ/110 వోల్టులు అయితే గుణకం 200 ఇంటూ 100, అంటే 20,000. ఒక రోజు రీడింగు తేడా 1.85 అయితే ఆ రోజు 37,000 యూనిట్లు. దీన్ని గుడ్డిగా నమ్మకండి. 37,000ను 24తో భాగిస్తే సగటు 1,542 కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టరు 0.85 అనుకుంటే సుమారు 95 ఆంపియర్లు. ఆ ఫీడరు లాగ్‌షీటు సగటు దాని దగ్గర్లో ఉందా? లేకపోతే గుణకం తప్పు పట్టారన్నమాట. కొన్ని మీటర్లలో రేషియో లోపలే వేసి ఉంటారు. వాటికి మళ్లీ 20,000తో గుణిస్తే ఊరంతా వాడని కరెంటు మీ కాగితం మీద కనిపిస్తుంది.

రెండోది డీటీఆర్: మీ రిపోర్టుకు గుండె ఇదే

లైన్‌మన్‌తో కలిసి ఒక వ్యవసాయ డీటీఆర్ దగ్గరికి వెళ్లండి. 25 కేవీఏదైతే మంచిది, లెక్క కళ్లకు కడుతుంది. 433 వోల్టుల వైపు దాని ఫుల్ లోడ్ 33.3 ఆంపియర్లు. ఇప్పుడు దాని మీద ఎన్ని బోర్లున్నాయో అడిగి రాసుకోండి.

5 హెచ్‌పీ మోటారు ఇచ్చే పని 3.73 కిలోవాట్లు. సామర్థ్యం 80 శాతం, పవర్ ఫ్యాక్టరు 0.8 అనుకుంటే లైను నుంచి తీసుకునేది 5.83 కేవీఏ, అంటే 415 వోల్టుల దగ్గర 8.1 ఆంపియర్లు. నాలుగు మోటార్లకు 32.4, ట్రాన్స్‌ఫార్మర్ నిండిపోయింది. ఐదో మోటారు కలిస్తే 40.5, అంటే 122 శాతం లోడ్. వైండింగ్ నష్టం కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి వేడి ఒకటిన్నర రెట్లు. ఆరో బోరు ఎందుకు వద్దంటారో, యాసంగిలో డీటీఆర్‌లు ఎందుకు కాలిపోతాయో ఈ నాలుగు వాక్యాల్లో ఉంది.

ఇక్కడితో ఆగకండి. ప్రతి మోటారుకూ 2 కేవీఏఆర్ కెపాసిటర్ ఉందనుకోండి. పవర్ ఫ్యాక్టరు 0.95 దాకా వస్తుంది, కరెంటు 8.1 నుంచి 6.8కి దిగుతుంది. ఐదు మోటార్లకు 34 ఆంపియర్లు, 102 శాతం. అదే డీటీఆర్, అవే ఐదు బోర్లు, 122 నుంచి 102! వైవాలో "కెపాసిటర్ ఎందుకు?" అంటే "పవర్ ఫ్యాక్టరు పెంచడానికి" అని అందరూ చెబుతారు. మీరు ఈ రెండు అంకెలు చెప్పండి.

ఇప్పుడు క్లాంప్ మీటరు రీడింగు. దాన్ని లైన్‌మన్ పెడతారు, మీరు దూరం నుంచి అంకె రాసుకోండి, దగ్గరికి వెళ్లొద్దు. మీ లెక్క 32 అంటే మీటరు 38, 40 చూపించవచ్చు. ఎందుకు? దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి వైపు బోర్లు లోతు. సర్వీసు 5 హెచ్‌పీ అని ఉన్నా లోతుకు తగ్గట్టు 7.5 హెచ్‌పీ మోటారు దించిన చోట్లుంటాయి, అది సుమారు 12 ఆంపియర్లు లాగుతుంది. లైను చివర వోల్టేజీ పడిపోతే అదే నీళ్లు తోడే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. పలుమార్లు రీవైండింగ్ చేసిన మోటారు సామర్థ్యం 80 శాతం ఉండకపోవచ్చు. ఈ మూడింట్లో మీ దగ్గర ఏది నిజమో రైతును, లైన్‌మన్‌ను అడిగి తేల్చండి. వోల్టేజీ కూడా కొలిపించి రాయండి. మూడు ఫేజుల కరెంట్లూ విడివిడిగా రాయండి, సగటు మాత్రమే రాస్తే ఏ ఫేజు ఫ్యూజు పదేపదే పోతుందో కనిపించదు.

ఆటో స్టార్టర్ల (కరెంటు రాగానే మోటారును తనంతట లేపే పెట్టెల) సంగతీ అడగండి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని గట్టిగా చెప్పింది ఊరికే కాదు. కరెంటు పోయి వచ్చిన క్షణంలో ఐదు మోటార్లూ ఒకేసారి లేస్తే, మొదలయ్యేటప్పుడు ఒక్కోటి ఫుల్ లోడ్‌కు ఐదారు రెట్లు లాగుతుంది. 33 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ మీద ఆ కొద్ది సెకన్లు రెండు వందల ఆంపియర్లు దాటుతుంది. డీటీఆర్‌లో ఫ్యూజు పోవడానికీ, ఫీడరు చార్జ్ చేయగానే మళ్లీ ట్రిప్ కావడానికీ ఇదొక ముఖ్య కారణం.

మీరు చూసింది ఏ కాలం?

ఇంటర్న్‌షిప్ మే, జూన్‌లలో చేసినవాళ్లు ఈ మాట తప్పకుండా గుర్తుపెట్టుకోండి. అప్పటికి యాసంగి వరి కోతలైపోయి ఉంటాయి. బత్తాయి తోటలున్న ఫీడర్లలో కొంత లోడ్ నిలుస్తుంది, వరి ఫీడర్లు దిగిపోతాయి. ఆ ఆరు వారాల రీడింగులు చూసి "ట్రాన్స్‌ఫార్మర్ 50 శాతం లోడ్‌తోనే నడుస్తోంది, ఇంకా చోటుంది" అని రాస్తే తప్పు. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారిని అడిగి ఫిబ్రవరి, మార్చి లాగ్‌షీట్లు తీయించుకోండి. రెండు కాలాల గరిష్ఠ లోడ్లు ఒకే గ్రాఫు మీద గీయండి. మీ రిపోర్టులో అందరూ ఆగి చూసే పేజీ అదే అవుతుంది.

ట్రిప్పుల రిజిస్టరు

మీ ఫీడరుకు ఒక నెల ట్రిప్పులన్నీ తీసి మూడు గళ్లలో రాయండి: సమయం, రిలే (తప్పును పసిగట్టి బ్రేకరును పడేసే పరికరం) చూపిన ఫ్లాగ్ (ఓవర్ కరెంటా, కరెంటు భూమిలోకి పోయే ఎర్త్ ఫాల్టా), ఎన్ని నిమిషాలకు లైను నిలిచింది. ఎర్త్ ఫాల్ట్‌లు గాలివాన వచ్చిన సాయంత్రాల్లో గుమిగూడితే చెట్లకొమ్మలు, పగిలిన ఇన్సులేటర్లు చూడాలి. ఓవర్ కరెంట్‌లు లైన్ చార్జ్ చేసిన నిమిషంలోనే వస్తుంటే ఆటో స్టార్టర్లు. గాలి ఉన్నప్పుడే ఓవర్ కరెంటు వస్తే వదులు స్పాన్‌లో తీగలు ఒకదానికొకటి తగులుతున్నాయేమో. ఫ్లాగ్ రాయకుండా రీసెట్ కొట్టేసిన ట్రిప్పు గురించి మీరు ఏమీ చెప్పలేరు. రిజిస్టరులో అలాంటివి ఎన్నో లెక్కపెట్టండి, కానీ రిపోర్టులో ఎవరి పేరూ రాయకండి.

రిలే లెక్క ఒకటి చేయండి. ఐడీఎంటీ (కరెంటు ఎక్కువైతే త్వరగా పనిచేసే రిలే) నార్మల్ ఇన్వర్స్ అయితే 0.14ను టీఎంఎస్‌తో (టైమ్ సెట్టింగుతో) గుణించాలి. పీఎస్‌ఎంను (ఫాల్ట్ కరెంటు రిలే సెట్టింగుకు ఎన్ని రెట్లో ఆ అంకెను) 0.02 ఘాతానికి ఎత్తి అందులోంచి 1 తీసేసి, ఆ వచ్చినదాంతో భాగించాలి. ఫీడరు సీటీ 200/1, ప్లగ్ 100 శాతం, టీఎంఎస్ 0.1, ఫాల్ట్ 1,000 ఆంపియర్లు అనుకుంటే పీఎస్‌ఎం 5, సమయం 0.43 సెకన్లు. ఇన్‌కమింగ్ 300/1, టీఎంఎస్ 0.15 అయితే అదే ఫాల్ట్‌కు 0.86 సెకన్లు. మధ్యలో 0.43 సెకన్ల ఎడం. ఈ ఎడం 0.3 కంటే బాగా తగ్గితే ఒక ఫీడరులో తప్పు జరిగినా ఇన్‌కమింగ్ పడిపోయి అన్ని ఊళ్లూ చీకటవుతాయి. ఇవి ఉదాహరణకు వేసుకున్న సెట్టింగులు. మీరు మీ దగ్గరి రిలే సెట్టింగులతో చేయండి.

ఎల్‌సీ: ఒక్కటైనా మొదటి నుంచి చివరి దాకా చూడండి

లైన్ క్లియర్ (ఎల్‌సీ, పని కోసం లైను ఆపి అప్పగించడం) ఒక్కదాన్నైనా పూర్తిగా చూడకుండా బయటికి రావద్దు. వరుస ఇది: పని చేసే లైన్‌మన్ ఏ ఫీడరు, ఏ పోలు దగ్గర, ఎంతసేపు అని చెప్పి అడుగుతారు. ఆపరేటర్ ఆ ఫీడరు వీసీబీ ఆఫ్ చేస్తారు. ఐసోలేటర్ లేదా ఏబీ స్విచ్ తెరిచి మూడు బ్లేడ్లూ విడిపోయాయో లేదో కంటితో చూస్తారు. హ్యాండిల్ కిందికి వచ్చినా ఒక బ్లేడు అతుక్కుని ఉండటం ప్రాణాలు తీసే లోపం. తర్వాత తాళం, హెచ్చరిక బోర్డు. ఎల్‌సీ పుస్తకంలో సమయం, సంతకాలు. పని చేసే చోట లైను చచ్చిందో లేదో పరీక్షించి, రెండువైపులా ఎర్త్ రాడ్లు వేస్తారు. రాడ్డుకు ముందు ఎర్త్ కొస బిగించాలి, ఆ తర్వాతే లైనుకు తగిలించాలి. తీసేటప్పుడు దీనికి తిరగదిప్పి. పని అయ్యాక మనుషులు, రాడ్లు, పనిముట్లు లెక్కపెట్టుకుని, ఎల్‌సీ తీసుకున్న మనిషే తిరిగి ఇవ్వాలి.

మన వైపు ఒకే పోలు మీద రెండు ఫీడర్లు పోయే చోట్లు, ఇంటి ఇన్వర్టరు నుంచో జనరేటరు నుంచో వెనక్కి కరెంటు వచ్చే చోట్లు ఉంటాయి. రాడ్లు రెండువైపులా వేసేది అందుకే. రిపోర్టులో ఈ వరుసకు ఒక పేజీ ఇచ్చి ప్రతి మెట్టు పక్కన "ఇది వదిలేస్తే ఏమవుతుంది" అని ఒక వాక్యం రాయండి.

కంటితో చూసేవి మూడు

బ్రీదర్ (ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెళ్లే గాలిలో తేమ తీసేది) సిలికా జెల్. గాలి కింది నూనె కప్పు ద్వారా వస్తుంది కాబట్టి రంగు మారడం కింది నుంచి పైకి జరగాలి. పై పొర ముందు మారితే గాలి మరోచోట నుంచి, గ్యాస్కెట్టు సందులోంచో పైపు జాయింటు నుంచో పోతోందని అర్థం. జెల్ మార్చినా ఆ లోపం పోదు.

బ్యాటరీ. వీసీబీ ట్రిప్ కాయిల్‌కు కరెంటు ఇక్కడి నుంచే. బ్యాటరీ చచ్చిపోతే రిలే పనిచేసినా బ్రేకరు పడదు, ఫాల్ట్‌ను అవతలి 33 కేవీ బ్రేకరు తీసేదాకా ట్రాన్స్‌ఫార్మర్ భరించాలి. ఒక్కో సెల్ వోల్టేజీ రాసుకోండి. మొత్తం వోల్టేజీ సరిగ్గానే ఉండి ఒక సెల్ మాత్రం పడిపోయి ఉండటం మామూలే.

ఎర్త్ పిట్లు. మన చల్కా (ఎర్ర ఇసుక) నేలలు, రాతి పొరలు వేసవిలో ఎండిపోయి రెసిస్టెన్స్ పెరుగుతుంది. కొలిచే ముందు బిందెల కొద్దీ నీళ్లు పోస్తే మంచి అంకె వస్తుంది కానీ అది నిజమైన అంకె కాదు. కొలిచిన తేదీ, నీళ్లు పోశారా లేదా కూడా రాయండి.

రిపోర్టు, వైవా

పాతిక, ముప్పై పేజీలు చాలు. సంస్థ చరిత్ర ఒక పేజీ దాటొద్దు. సింగిల్ లైన్ డయాగ్రం మీ చేత్తో గీయండి, నెట్‌లో దొరికిన బొమ్మ వద్దు. అందులో మీ సబ్‌స్టేషన్ సీటీ రేషియోలు, ఫీడర్ల పేర్లు ఉండాలి. ఆ తర్వాత పైన చెప్పిన లెక్కలు, తేడాలు, కారణాలు. కారణం తేలని తేడాను "తేలలేదు, వీటిని పరీక్షించాలి" అని రాయండి. అది బలహీనత కాదు, పరీక్షకుడికి మీ మీద నమ్మకం పెరిగేది అక్కడే. ఫొటోలకు ఏఈ గారి అనుమతి తీసుకోండి. వినియోగదారుల పేర్లు, సర్వీసు నంబర్లు పెట్టకండి.

వైవాలో "మీ ట్రాన్స్‌ఫార్మర్ ఎంత?", "గరిష్ఠ లోడ్ ఎంత, ఏ నెలలో?", "ట్యాప్ ఎంతలో ఉంది?" లాంటివే ముందు అడుగుతారు. ఈ అంకెలు నోటికి రావాలి.

సర్టిఫికెట్, హాజరు పత్రం కోసం చివరి రోజు దాకా ఆగొద్దు. ఏడీఈ (అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరు) ఆఫీసులో సంతకం కావాలంటే నాలుగు రోజుల ముందే కాగితాలు ఇవ్వండి, తేదీలు, పేరు స్పెల్లింగు అక్కడే సరిచూసుకోండి.

ఇంకొక్కటి. మీరు లెక్క కట్టిన డీటీఆర్ పేజీ, రెండు కాలాల లోడ్ గ్రాఫు, ట్రిప్పుల పట్టిక ఒక్కో కాపీ తీసి ఆపరేటర్‌కు, ఏఈ గారికి ఇచ్చి రండి. అక్కడ ఆ లెక్క తీరిగ్గా కట్టే సమయం ఎవరికీ ఉండదు. 122 శాతం లోడ్ అని చూపించే కాగితం ఒకటి చేతిలో ఉంటే అదనపు డీటీఆర్ కోసం ఎస్టిమేటు పెట్టేటప్పుడు వాళ్లకు పనికొస్తుంది.

లెక్కల్లో ఎక్కడైనా ఆగిపోతే నేమ్‌ప్లేటు అంకెలు, సీటీ రేషియో, ట్యాప్ నంబరు, ఆ గంట రీడింగు కలిపి ఇక్కడే రాయండి. చూసి చెబుతాను.